అమ్మ వాచీలో మట్టి

అమ్మ పోయాక నాకు మిగిలింది, కూలి డబ్బులతో తను కొనుక్కున్న వాచీ. మిర్యాలగూడలో వాచీలు రిపేరు చేసే అబ్బాయి దాని వెనక మూత తీశాడు.

"కీ ఇచ్చే పాత లేడీస్ వాచీ అక్కా. లోపలంత మట్టే. మిషిన్ మారుస్త."

ఆ మట్టి అమ్మ నాట్లేసిన త్రిపురారం పొలాలది. మన ఈడువాళ్ళకు గుర్తుందా, చీకటి పడేదాకా నాట్లు వేయించుకునే రోజులు?

"నాటేసేదానికి వాచీ ఎందుకే?" అని పొలం పటేల్ నవ్వేవాడు. అమ్మ బురద చేతిని అతని ముఖం ముందుకు చాపేది.

"నీ పొద్దు ఎప్పటికీ గుంకదు పటేలా. నా వాచీల ఐదైంది. నడువుండ్రమ్మా, పోదాం."

ఆడవాళ్ళంతా గట్టెక్కేవాళ్ళు.

"మిషిన్ మార్చకు, మట్టి తీయకు" అన్నాను.

"మరి నడవదక్కా."

"నడవకున్నా పెట్టుకుంట. ముళ్ళు ఐదు గంటలకు పెట్టి మూసెయ్."