రత్నాలు చంపిన కేక

డుంబ్రిగుడకు రెండు కొండల అవతల రత్నాలుకు ఎకరం చోడిచేను, అంటే రాగిచేను, ఉంది. గట్టు మీద పనసచెట్టు. కోతుల మంద చేలో దిగినప్పుడల్లా, చెవి చిరిగిన ముసలి ఆడకోతి ఒకటి ఆ చెట్టెక్కి కూర్చునేది. మిగతావి తింటుంటే దానిది కాపలా. కుక్క కనబడిందంటే ఒక్క కేక పెట్టేది. మరుక్షణం మందంతా చెట్ల మీద ఉండేది.

కిందటేడు రత్నాలు భర్త మంగ్లు దాని మీదికి కర్ర విసిరాడు. అది వేరే రకంగా కీచుమని అరిచింది. పారిపోతున్న మంద వెనక్కి తిరిగి మంగ్లు మీద పడింది. కుడిచేతి నరాలు తెగాయి. కుట్లు వేశారు గానీ మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. అన్నం రత్నాలే కలిపి పెట్టాలి. ముద్ద పెట్టిన ప్రతిసారీ ఆమెకు ఆ ముసలిదే గుర్తొచ్చేది.

"కరిసిన కోతుల్ని ఒగ్గేసి ఆ ముసిల్దాని మీదేటే నీ పగ?" అన్నాడు మంగ్లు.

"కరవమని పిలిసింది అదే. దాని మాట ఎవులూ ఇనకుండా సేత్తాను."

చేను పండే వేళకు రత్నాలు ఓ కుక్కను తోలుకెళ్లి పనసచెట్టు కింద నిలబడింది. ముసలిది పెట్టిన కేకను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసింది. పాస్టరు సువార్తరావు గారిని అడిగి చిన్న స్పీకరు తెచ్చుకుంది.

మొదటిరోజు పొదలో దాచిన స్పీకరులో కేక వినగానే మంద చెల్లాచెదురైంది. తీరా చూస్తే కుక్కా లేదు, మనిషీ లేడు. నాలుగోరోజుకు సగం కోతులు తలెత్తి చూసి, మళ్లీ తినసాగాయి.

"ఇది పన్జెయ్యట్లేదే. ఇచ్చేయ్," అన్నాడు మంగ్లు.

"ఇప్పుడే పన్జేత్తంది."

కళ్లెదుట చోడి వెన్నులు పోతున్నా ఓర్చుకుంది. రోజుకు ఇరవైసార్లు మోగించింది. పదిరోజులయ్యేసరికి ఆ కేకకు పిల్లకోతులు కూడా కదలడం మానేశాయి.

మర్నాడు పక్క ఊరి వరహాలు దగ్గరున్న మూడు కుక్కల్ని తెచ్చి వదిలింది. ముసలిది చూసింది, కేకేసింది. ఒక్క తల కూడా తిరగలేదు. కొమ్మ ఊపింది, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. కుక్కలు మీద పడ్డాక గానీ మంద లేవలేదు. రెండు కోతులు గట్టు దాటలేకపోయాయి.

"సాలే, కుక్కల్ని పిలిసెయ్," అన్నాడు మంగ్లు.

రత్నాలు పిలవలేదు. చెట్టు కేసే చూస్తూ, "అరుసుకో. ఇంకా అరుసుకో," అంది. ఏడాదిగా రగులుతున్న కడుపు ఆ రోజు చల్లబడింది.

నెల తిరక్కుండానే మంద మళ్లీ వచ్చింది. పనసచెట్టు మీద ఇప్పుడు ఓ పడుచు ఆడకోతి కూర్చుంటోంది. అది అరిస్తే అన్నీ పరుగెడుతున్నాయి. ముసలిది ఓ వారగా బండ మీద ఉంటోంది. అదీ అరుస్తుంది, ఎవరూ వినరు.

"దీని కేక కూడా ఫోన్లో పట్టీయే," అన్నాడు మంగ్లు.

"ఇది నాకేటి సేసింది?" అంటూ రత్నాలు కొడవలి తీసుకుని, మిగిలిన చోడి కోయడానికి చేలోకి దిగింది.