పెద్దమ్మ తీసుకోని రొట్టె

మా పెద్దమ్మ చొక్కాలకు కాజాలు కుడుతుంది. చుట్టుపక్కల దర్జీలందరూ ఆమెకే పంపుతారు. గుడ్డను చిన్నగా కత్తిరించి, అంచున పోగులు లేవకుండా దారం దగ్గరదగ్గరగా చుడుతుంది. నా చదువు మధ్యలో ఆగిపోయాక అమ్మ నన్ను ఆమె దగ్గర పెట్టింది. నేను బొత్తాలు కుడతాను. ఇద్దరం కిటికీ పక్కన కూర్చుంటాం. పెద్దగా మాట్లాడుకోం కాబట్టి ఆమె ముఖం చూస్తూ ఉండటం నాకు అలవాటైంది.

పెద్దనాన్న గోడలకు రంగులు వేస్తాడు. ఒక జిరాక్సు కొట్టుకి రంగు వేయడానికి వెళ్ళి, ఆ కొట్టు నడిపే ఆమె ఇంట్లోనే ఉండిపోయాడు. రెండో పూత ఇంకా ఆరలేదు కాబోలని మా అమ్మ అంటే పెద్దమ్మ కూడా నవ్వింది. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పెళ్ళంటే దేవుడి ముందు ఇచ్చిన మాటనీ, పరాయి మనిషిని మోహంతో చూస్తేనే మనసులో ఆ మాట తప్పినట్టనీ ఆ వారం పాస్టరుగారు చెప్పారు. మా బెంచీ వైపు చూడకుండా ఉండటానికి అందరూ చాలా కష్టపడ్డారు. పెద్దనాన్న ఆ ఇల్లు వదిలి వచ్చేదాకా ఆయనకు ప్రభువు బల్లలో, అంటే నెలకోసారి చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసంలో, పాలు లేదని సంఘ పెద్దలు తేల్చారు.

తరువాతి బల్ల ఆదివారం రొట్టె ముక్కల పళ్ళెం ముందుకొస్తే పెద్దమ్మ చేయి చాపలేదు. ఆ పై నెల కూడా అంతే. మొగుడు అక్కడ సుష్టుగా భోంచేస్తుంటే ఈవిడ ఇక్కడ పస్తులుంటోందని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు.

పాస్టరుగారు ఇంటికొచ్చారు. తప్పు చేసినవాడికే గానీ ఆమెకు అడ్డేమీ లేదన్నారు. భర్త వ్యభిచారం చేస్తే భార్య విడిపోయినా దోషం కాదని కూడా వాక్యం తీసి చూపించారు. పెద్దమ్మ సూది పక్కన పెట్టి విన్నది.

"ఇకమీదట మీరిద్దరూ ఒకే శరీరమని మా పెళ్ళిలో మీరే చెప్పారు కదండీ. సగం ఒంటికి పెట్టి, సగం ఒంటిని మాడ్చమంటారా?"

"దాని అర్థం అది కాదమ్మా," అన్నారాయన. అర్థమేమిటో చాలాసేపు చెప్పారు. పెద్దమ్మ తల ఊపుతూనే ఉంది. ఆమెకు ఎక్కలేదని ఆయనకూ తెలిసినట్టుంది, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

నెలలు గడిచాయి. ఒక శనివారం పెద్దనాన్న వచ్చాడు. పెళ్ళాన్ని పస్తు పెడుతున్నావటగా అని పనిలో తోటివాళ్ళు ఏడిపిస్తున్నారట. గడప అవతలే నిలబడ్డాడు.

"నా పరువు తీస్తున్నావు. రేపు తీసుకో."

"నువ్వు వచ్చెయ్. ఇద్దరం తీసుకుందాం."

ఆయన గోళ్ళలో రంగు గీక్కుంటూ ఉండిపోయాడు.

"రాలేనే. ఆవిడకి నేను తప్ప ఎవరూ లేరు."

"నాకెవరున్నారు?"

ఆయన నా వైపు చూశాడు. నేను చొక్కాలోకి తల వంచుకున్నాను. వెళ్తూ వెళ్తూ, నీ ఇష్టం, అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. పెద్దమ్మ ఆయన నిలబడ్డ చోటు చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు బల్ల ఆదివారం. పళ్ళెం తెచ్చే పెద్దాయనకు ఈపాటికి అలవాటైపోయింది. పెద్దమ్మ ముందు ఆగకుండా, ఆమె మీదుగా నాకే చాపాడు. నేను తీసుకున్నాను. అప్పుడే పెద్దమ్మ చేయి ఒడిలోంచి లేచింది. ఆయన చూడలేదు, వెనక బెంచీకి వెళ్ళిపోయాడు.

చేయి కాసేపు అలాగే గాలిలో ఉండి మళ్ళీ ఒడిలోకి దిగింది.

"పిలవనా పెద్దమ్మా?" అని మెల్లగా అడిగాను.

"వద్దులే. ఎందుకెత్తానో నాకే తెలీలేదు."

నా చేతిలో రొట్టె ముక్క మెత్తబడుతోంది. తినమని కళ్ళతోనే చెప్పింది.