ఎస్తేరు పెద్దమ్మ నేర్పిన మాకరోనీ

ఈ సాయంత్రం మా వంటింట్లోంచి ఒక వాసన వచ్చింది. పాలు చిక్కబడే వాసన, దాని వెనకే కీమా వేగే వాసన, ఆపైన మిరియాల ఘాటు. పేపరు చదువుకుంటున్నదాన్ని కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. మా మనవరాలు ఫోనులో చూసుకుంటూ ఇంటిల్లిపాదికీ బర్గర్ పాస్తా చేస్తోంది. బర్గర్‌లో ఉండే సరుకంతా పాస్తాలో వేసి మీగడతో ఉడికిస్తారట. ఇది కొత్త వంట, నానమ్మకు తెలియదులే అని నవ్వింది. నాకూ నవ్వు రావలసిందే, రాలేదు. ఫికరు చెయ్యడం, అంటే ప్రతిదానికీ దిగులుపడటం, నాకు పుట్టుకతో వచ్చిన గుణం, అది ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఈ వాసనకూ నా ఫికరుకూ ఉన్న చుట్టరికం వీళ్ళెవరికీ తెలియదు. ఎస్తేరు పెద్దమ్మ ఎవరో కూడా తెలియదు. ఎనభై దాటిన దాన్ని, ఇప్పుడైనా చెప్పకపోతే ఆమె నాతోనే పోతుంది.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. హైదరాబాదు కొత్తగా ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని అయిన రోజులు. ఫలక్‌నుమా స్టేషనుకు అవతల, రైల్వే పనివాళ్ళ ఇళ్ళ వరసలో ఒక గదీ, ఒక వసారా మావి. నాన్న ఇంజన్లు కడిగే పనిలో ఉండేవాడు. మాటలు తక్కువ మనిషి. అమ్మకు క్షయ అని తేలాక వికారాబాదు వైపు ఉన్న ఆస్పత్రికి తీసుకుపోయారు. ఎన్నాళ్ళకు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యమూ చాలలేదు. ఇంట్లో మిగిలింది నాన్న, నేను, నాలుగేళ్ళ మా చెల్లెలు రూతు. అమ్మ బండెక్కిన రోజు నుంచి రూతు అన్నం ముట్టడం మానేసింది. రెండు ముద్దలు పెడితే బుగ్గన దాచుకునేది, కాసేపయ్యాక ఉమ్మేసేది. మెడ కింద ఎముకలు తేలాయి. ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపిస్తే చాలు, అమ్మ జబ్బు దీనికీ వచ్చిందేమోనని దాని నుదుటి మీంచి చెయ్యి తీసేదాన్ని కాదు. అది తుమ్మినా ఫికరే, తుమ్మకపోయినా ఫికరే.

పక్క గదిలో ఉండేది ఎస్తేరు పెద్దమ్మ. మాకు రక్తసంబంధం ఏమీ లేదు, ఆ వరసలో పిల్లలందరికీ ఆమె పెద్దమ్మే. ఎత్తు మనిషి, మగ గొంతు, కొంగుకు ఎప్పుడూ ముక్కుపొడి మరకలు. వయసులో ఉన్నప్పుడు సికిందరాబాదు దండు వైపు, అదే కంటోన్మెంటులో, ఒక తెల్లదొర బంగళాలో పిల్లల్ని సాకి, వంట చేసి పెట్టిందట. దొరలు ఓడెక్కి పోయాక భర్త దగ్గరికి వచ్చేసింది. ఆయన రైల్వే గేటు దగ్గర జెండా ఊపే మనిషి. ఎవరైనా సరే పెద్దమ్మ నోటికి జడిసేవాళ్ళు. నీళ్ళ కొళాయి దగ్గర లొల్లి మొదలైతే ఆమె వసారాలోకి వచ్చి నిలబడేది, అంతే, బిందెలు వరసలోకి వచ్చేసేవి.

ఒక మధ్యాహ్నం నేను రూతును ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గడ్డం పట్టుకుని బతిమాలుతున్నాను. అమ్మ వస్తుందన్నాను, గాజులు కొనడానికి లాడ్ బజార్ తీసుకుపోతానన్నాను, బూచాణ్ణి పిలిచాను, చివరికి నేనే ఏడ్చేశాను. పెద్దమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. లోపలికొచ్చి నా చేతిలోని పళ్ళెం లాక్కుని చాప మీద పెట్టింది. రూతును దాని ముందు కూర్చోబెట్టింది. నా భుజం పట్టి గోడవైపు తిప్పేసింది.

"ఎందుకట్ల నోట్లెకు నోట్లెకు జూస్తవ్ బిడ్డా?" అంది. "పోలీసోని ముంగట గూసున్నట్టు ఉంది దానికి. బువ్వ వెట్టు, మొకం దిప్పుకో. నీ బువ్వ నువ్వు తిను."

ఆమె పద్ధతే అది. బంగళాలో పిల్లలకు కూడా పళ్ళెం పెట్టి, వీపు తిప్పుకుని తన పని తాను చూసుకునేదట. ఆ రోజు రూతు నాలుగు మెతుకులు తిన్నదో లేదో, నేను మాత్రం ఆగలేక వెనక్కి తిరిగి చూశాను. అది వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. నీకు మెడలో మర ఏమైనా బిగించారా అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. చెప్పడానికేం, రూతు ఆమెకు చెల్లెలా? నేను చూడకపోతే ఎవరు చూస్తారు?

ఆ వారమే ఆమె మాకరోనీ తెచ్చింది. ఆబిడ్స్‌లో దొరికే సరుకు అది, మా వరసలో ఎవరూ ఎరగరు. బంగళాలో దొర పిల్లలు గుండ్రటి బన్నును రెండుగా కోసి, మధ్యలో కీమా బిళ్ళ, ఉల్లి చక్రాలు, సిర్కాలో, అంటే వెనిగర్‌లో, నానిన దోసకాయ ముక్కలు పెట్టుకుని తినేవాళ్ళట. అందరికన్నా చిన్నవాడికి అంత పెద్ద బన్ను నోట పట్టేది కాదు. అందుకని ఆమె ఆ కీమానే చిదిపి, ఉడికిన మాకరోనీలో కలిపి, పాలూ మీగడా పోసి మెత్తగా చేసి పెట్టేది. మాకూ అదే చేసి పెట్టింది. ఉల్లి వేగి, కీమా నీళ్ళు ఇగిరి, కొంచెం మైదా పడి, పాలు పడి, చివర మీగడా ఆవపిండీ పడేసరికి ఇల్లంతా ఒక కొత్త వాసన కమ్మింది. నేను మళ్ళీ చూస్తానని పెద్దమ్మకు తెలుసు. నన్ను నీళ్ళకు తోలేసింది. బిందెతో తిరిగొచ్చేసరికి రూతు ఆ గొట్టాల్లోకి వేలు పెట్టి ఆడుతోంది, మధ్యమధ్య ఒకటి నోట్లో వేసుకుంటోంది. అమ్మ ఆస్పత్రికి పోయాక అది తనంత తాను తినడం అదే మొదలు.

ఇంతలో కాజీపేట నుంచి మా మేనత్త సంతోషమ్మ వస్తోందని కబురొచ్చింది. అత్తకు పిల్లల్లేరు. మామది మంచి ఉద్యోగం. రూతును తనతో తీసుకుపోయి పెంచుకుంటానని నాన్నతో ముందే అన్నదట. నాన్న కాదనలేదు. పిల్ల అక్కడైనా నాలుగు మెతుకులు తింటుందేమో, నువ్వూ చిన్నదానివే గదా అన్నాడు నాతో, నా మొహంలోకి చూడకుండా. ఆదివారం అత్త వచ్చి చూసి, పిల్ల ఇలాగే ఉంటే వెంట తీసుకుపోవడం ఖాయమని అర్థమైంది. అమ్మ తిరిగొచ్చి రూతేది అని అడిగితే ఏం చెప్పాలి? ఆ మాట తలుచుకుని నా పళ్ళెంలోదీ రూతు ముందుకే జరిపేదాన్ని.

అత్త ముందు రూతు తినాలి. తింటే మాకరోనీయే తింటుంది. పెద్దమ్మ తాను వండనని చెప్పేసింది. వండాల్సింది నువ్వు, ఇల్లు నడిచేది నీ చేతి మీద అని మీ అత్త చూడాలి అంది. ఆదివారం ఏసుగుడి నుంచి వచ్చీ రాగానే గిన్నెలు తోమి పెట్టుకున్నాను. అత్త మధ్యాహ్నం బండికి దిగింది. చేతిలో రూతు కోసం కుట్టించిన గులాబీ రంగు గౌను. రూతు భుజాలు తడిమి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం పొయ్యి వెలిగించాను. మాకరోనీ ఉడికి ఒక గిన్నెలో ఉంది, కీమా మూత పెట్టి పక్కన ఉంది, పాలు పొయ్యి మీద చిక్కబడుతున్నాయి. మీగడ కోసం పెద్దమ్మ గదికి వెళ్ళి వచ్చాను, అంతే. వచ్చేసరికి అత్త గరిటెతో పాలు కలుపుతోంది. పక్కన చక్కెర డబ్బా మూత తీసి ఉంది.

పాలూ, పక్కనే తెల్లటి సన్న గొట్టాలూ చూసి ఆమె సేమ్యా పాయసం అనుకుంది. మా ఊళ్ళో ఎవరైనా అదే అనుకుంటారు. రంజాన్ పండక్కి ఇంటింటి నుంచీ మాకు సేమ్యా ఖీరు వచ్చేది, పాలలో పడే గొట్టం తియ్యగా కాక ఇంకెలా ఉంటుంది? పిల్ల ఇష్టంగా తింటుందని చక్కెర గుప్పెడు ఎక్కువే వేశానంది అత్త, సంబరంగా. ఇంట్లో వేరే పాలు లేవు. మీగడ గిన్నె పట్టుకుని పెద్దమ్మ గదికి ఒకటే పరుగు.

ఆమె వచ్చి పాలు ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. అత్తను ఒక్క మాట అనలేదు. సిర్కా సీసా తెమ్మంది, ఆవపిండి ఇంకో చెంచా వెయ్యమంది, పచ్చిమిర్చి సన్నగా తరగమంది. పాలు విరిగిపోతాయేమో పెద్దమ్మా అన్నాను. కీమాలో పొయ్యవే, పాలల్ల ఎవరు పొయ్యమన్నరు అంది. పులుపూ ఘాటూ పట్టించిన కీమాను ఆ తియ్యటి పాలల్లో కలిపాను. రుచి చూడమంది. నాకు ఉప్పూ తెలియలేదు, కారమూ తెలియలేదు, నోరంతా చేదుగా ఉంది. బాగుందో లేదో నువ్వే చెప్పు అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. బతికిపోయినవ్ పో అంది. ఆ మాట కూడా నన్ను ఊరడించడానికే అన్నదనుకున్నాను.

దీపం వెలిగించి చాప మీద అందరం కూర్చున్నాం. రూతుకు ఎదురుగా అత్త. మా ఇంట్లో ప్రార్థన అవకుండా చెయ్యి పళ్ళెంలో పడదు. పెద్దమ్మ నాన్న వైపు తిరిగి, ఇవ్వాళ చెల్లె వచ్చింది గదా, జర పెద్ద ప్రార్థన చెయ్యి తమ్మీ అంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. అందరం మూసుకున్నాం. రెండు మాటల్లో ముగించే మనిషి, ఆ సాయంత్రం అమ్మ పేరు దగ్గర మొదలుపెట్టి ఆగలేదు. అమ్మ దగ్గు తగ్గాలన్నాడు, ఆస్పత్రిలో పక్క మంచాల వాళ్ళకు తగ్గాలన్నాడు, అత్త ఒడి నిండాలన్నాడు, గేటు దగ్గర రాత్రిపూట నిలబడే పెద్దనాన్నను చల్లగా చూడమన్నాడు. నాన్న అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కళ్ళు తెరిచి రూతును చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. పక్కనుంచి పెద్దమ్మ నా మోకాలు గట్టిగా నొక్కి పట్టింది. అప్పుడు విన్నాను. సత్తుపళ్ళెం మీద చిన్న గోరు గీసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీసుకుంది.

ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి రూతు గడ్డమంతా మీగడ. పళ్ళెంలో రెండు ఉల్లి ముక్కలు మిగిలాయి, అంతే. ప్రార్థన కాకుండా తిన్నందుకు నాన్న కసరబోయి ఊరుకున్నాడు. అత్త ఆ పళ్ళెం చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"దీనికేం గాలే. దీని ఫికర్ లేదు నాకిప్పుడు," అంది. "సారమ్మా, నిన్ను జూస్తేనే భయమైతుంది. వచ్చినప్పటిసంది జూస్తున్న, నువ్వు ఒక్క మెతుకు ముట్టలే. ఎన్ని దినాలైందే నువ్వు కడుపుల ఇంత వేసుకోక?"

రూతు మెడ కింది ఎముకలు లెక్కపెడుతూ కూర్చున్నదాన్ని, నా జాకెట్టు నాకు వదులైన సంగతి నేను చూసుకోనేలేదు. అత్త రూతును తీసుకుపోలేదు. అమ్మ వచ్చేదాకా తానే మాతో ఉంటానని మామకు కబురు పెట్టమంది. మరుసటి వానాకాలానికి అమ్మ వచ్చింది, సన్నగా, కానీ తన కాళ్ళ మీద నడిచి.

అయితే నాతో ఇన్నేళ్ళు ఉండిపోయింది అవేవీ కావు. అత్త ఆ మాట అన్నాక, ఎస్తేరు పెద్దమ్మ గిన్నెలో మిగిలిందంతా ఊడ్చి నా పళ్ళెంలో వడ్డించింది. వడ్డించి, గోడవైపు తిరిగి కూర్చుంది. అత్తకు ఏం తెలిసిందో ఏమో, తానూ తిరిగింది. నాన్న రూతును ఎత్తుకుని వసారాలోకి నడిచాడు. నన్నెవరూ చూడటం లేదు. తియ్యగా, పుల్లగా, ఘాటుగా ఉన్న ఆ ముద్దను, ఇద్దరు ఆడవాళ్ళ వీపులు చూస్తూ, ఏడుస్తూ, పళ్ళెం అడుగు కనబడేదాకా తిన్నాను. నా ఫికరు నన్ను ఈనాటికీ వదల్లేదు. కానీ ఆకలేస్తే నేను తింటాను. అది ఎస్తేరు పెద్దమ్మ పెట్టిన బువ్వ.