రేపల్లె మట్టితో మళ్ళీ కదిలిన వేళ్ళు

ఆ రోజు బాపట్ల స్టేషన్లో రైలు దిగి వంతెన మెట్లు ఎక్కుతుంటే ఉన్నట్టుండి మోకాళ్ళు కుంగాయి. పాదాల్లో అప్పటికే రెండు రోజులుగా తిమ్మిర్లు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. తెనాలి నుంచి బాపట్లకు పదకొండేళ్ళుగా రైల్లో వెళ్ళి వస్తున్నాను. అంతకు రెండు వారాల కిందట విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. గోడ పట్టుకుని ఎక్కి, బడికి వెళ్ళి పాఠం కూడా చెప్పాను. సాయంత్రానికి సుద్దముక్క వేళ్ళ మధ్య నిలవలేదు.

మర్నాడు పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను. మా వారు నన్ను కారులో గుంటూరు తీసుకెళ్ళారు. న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాలి మీద తట్టారు. కాలు కదల్లేదు.

"ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరమ్మా?" అని అడిగారు.

పద్నాలుగు దగ్గరే ఊపిరి అయిపోయింది. ఆయన వెంటనే నర్సు వైపు తిరిగి, "ఐసీయూలో బెడ్ చూడండి" అన్నారు. నాకు భయం వేసింది అప్పుడే.

నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. గిలాన్ బారే సిండ్రోమ్ అన్నారు. "ఆ విరేచనాల తర్వాత, రోగాల మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున మీ నరాల మీద పడిందమ్మా. దాన్ని అదుపు చేసే ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు సెలైన్‌లా ఎక్కిస్తాం. చాలామంది కోలుకుంటారు. కాకపోతే నెలలు పడుతుంది" అన్నారు డాక్టరుగారు. వెంటిలేటర్ దాకా పోకుండానే గట్టెక్కాను. ఆయనకూ ఆ నర్సులకూ ఈ జన్మకు రుణపడి ఉన్నాను.

మూడు వారాల తర్వాత ఇంటికొచ్చాను. మా వారే అన్నం కలిపి పెట్టేవారు. ఫిజియోథెరపిస్టు రోజూ వచ్చి చేతులూ కాళ్ళూ ఆడించేది. వేళ్ళతో పిసకమని, పిల్లలు ఆడుకునే మైనం లాంటి మెత్తటి పుట్టీ ముద్ద ఇచ్చింది. రెండు నెలలకు గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాను. ఆ ధీమాతో ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే బాత్రూమ్‌కు వెళ్ళి పడిపోయాను. ఎముకలు విరగలేదు గానీ, ఉన్న కాస్త ధైర్యం పోయింది. వ్యాయామాలు మానేశాను. పుట్టీ ముద్ద పక్కకు నెట్టేసి, "ఈ పిల్లల ఆటలు నాకెందుకండి?" అని మా వారి మీద విసుక్కున్నాను.

అలా పది రోజులు గడిచాక మా ఆడపడుచు సుజాత రేపల్లె నుంచి వచ్చింది. చేతిలో తడిగోనె కప్పిన బకెట్.

"ఏంటమ్మాయ్ అది?"

"మా చేలో మట్టి వదినా. మా అమ్మ వినాయక చవితికి దీంతోనే బొమ్మ చేసేది. నువ్వేం చెయ్యొద్దు. చేతులు పెట్టుకుని కూర్చో, చాలు."

నా ఒళ్ళో పాతచీర పరిచి నల్లటి ముద్ద పెట్టింది. చల్లగా ఉంది. గడ్డివేళ్ళ వాసన వేసింది. చాలాసేపు ఊరికే చేతులు ఆనించి కూర్చున్నాను. తర్వాత బొటనవేలితో నొక్కితే చిన్న గుంట పడింది. అది నా వేలు చేసిన పని. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. సుజాత చూడనట్టే ఉండి, తన గేదె ఈనిన కబుర్లు చెబుతూనే ఉంది.

ఫిజియోథెరపిస్టు ఆ మట్టి చూసి నవ్వింది. "మంచిదేనండి. కాకపోతే అలసట రాకముందే ఆపెయ్యాలి" అంది.

మొదట ఉండలు, తర్వాత నత్త. కొంగ చేయబోతే మెడ పడిపోయేది. అసలు కొంగ మెడ ఎక్కడ వంగుతుందో నాకు తెలియదని అప్పుడర్థమైంది. పదకొండేళ్ళు రైలు కిటికీ పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకున్నాను తప్ప, తల ఎత్తి చేలవైపు చూసిందే లేదు.

మా వారు నన్ను ఆటోలో సంగం జాగర్లమూడి కాలవ దగ్గరికి తీసుకెళ్ళి, గట్టున కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నాట్ల కోసం నీళ్ళ మడిలో దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనకే కొంగలు నడుస్తున్నాయి.

"చూడండి, పురుగును పొడిచే ముందు మెడ ఎలా ముడుచుకుంటోందో!" అన్నాను.

"అరగంటైంది. నువ్వింతవరకు నీ కాళ్ళ సంగతి ఎత్తలేదు, గమనించావా?" అన్నారాయన.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వెళ్ళాం. లకుముకి పిట్ట, నీటికోడి, పీత, తామరకాయ, ఏది చూస్తే అది ఇంటికొచ్చి చేసేదాన్ని. పీత కాళ్ళు చేయడానికి వేళ్ళు ఎంత వంగాలో అంత వంగేవి. వ్యాయామం అనిపించేది కాదు.

ఏడాది దాటింది. మళ్ళీ బడికి వెళుతున్నాను. మెట్ల దగ్గర కర్ర కావాలి, కాలివేళ్ళలో మొద్దుతనం కొంత మిగిలే ఉంది. పిల్లలచేత శంకువు, ఘనం మట్టితో చేయిస్తున్నాను. సుజాత బకెట్ పంపుతూనే ఉంది.

కోలుకుంటున్నవాళ్ళకు ఒక్కమాట చెబుతాను. మీ చేతులతో ఏం చేసినా, ముద్దైనా గీతైనా సరే, దాని వెనక తేదీ వేసి దాచుకోండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. ఏమీ మారలేదని ఏడుపొచ్చిన రోజున, రెండు నెలల కిందటి దాన్ని తీసి ఇవాళ్టి దాని పక్కన పెట్టి చూడండి.