అక్క మింగగలిగినంత చిక్కగా

ఇళ్లకు రంగులు వేస్తాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన రంగులాయనే. ముప్ఫై ఏళ్లలో ఎన్ని ఇళ్ల గోడలు ఆయన చేతిమీదుగా మెరిశాయో లెక్కలేదు. తన ఇంటి వంటగదికి ఏ రంగు వేయాలో మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు. అది ఆయన అక్క రాజ్యం.

అక్క ఒక హాస్టల్లో ఇరవై ఎనిమిదేళ్లు వంట చేసిన మనిషి. రెండు వందల మందికి వండి వచ్చి, ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగించేది. తమ్ముడు మంచినీళ్లకని గడప దాటబోయినా, "ఒరేయ్, అక్కడే ఆగు, నేనిస్తా" అనేది. భర్త పోయిన అక్క, పెళ్లి ఊసెత్తనివ్వని తమ్ముడు. ఇంట్లో ఇద్దరే.

ఒక ఉదయం పెరుగు గిన్నె అక్క చేతిలోంచి జారింది. వెంటనే తనూ ఒరిగిపోయింది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉంటే ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. అన్నిటికంటే కష్టం మింగడం. గుక్కెడు నీళ్లు తాగినా పొలమారి, ఊపిరాడక కళ్లు తేలేసేది.

ఇంటికి పంపే ముందు, మింగడం నేర్పే డాక్టరమ్మ ఆయన్ని పక్కకు పిలిచింది.

"కొన్నాళ్లు నీళ్లు వద్దు. పళ్లూ పెరుగూ కలిపి స్మూతీ చెయ్యండి. ఆవిణ్ని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, చెంచాతో పట్టండి."

"ఎంత చిక్కగా ఉండాలమ్మా?"

"చెంచా వంచితే ధార కట్టకూడదు, ముద్దగా అతుక్కోకూడదు. మెల్లగా జారాలి."

ఆయన ముఖం విప్పారింది. కుంచె ఎత్తి చూసి, డబ్బాలో ఇంకెన్ని నీళ్లు పొయ్యాలో చెప్పగలిగిన మనిషికి ఇదో లెక్కా?

లెక్కే అయింది. మర్నాడు అరటిపండూ బొప్పాయీ మిక్సీలో వేసి, మూత సరిగా బిగించకుండానే మీట నొక్కాడు. గోడంతా బొప్పాయి. అంత అధ్వాన్నంగా ఆయన ఏ గోడకీ రంగు వేయలేదు. రెండోసారి మూత అదిమిపట్టి, పెరుగు పోసి, వడగట్టి, చెంచా వంచి చూశాడు. సరిగ్గా డాక్టరమ్మ చెప్పినట్టే జారింది.

"అక్కా, స్మూతీ" అన్నాడు గర్వంగా.

అక్క రెండు చెంచాలు మింగి పెదవులు బిగించేసింది.

మూడు రోజులు అదే వరస. సపోటా వేశాడు, మామిడి వేశాడు, ఖర్జూరం నానబెట్టి వేశాడు. బతిమాలాడు. కసిరి, ఆ తర్వాత తనే బాధపడ్డాడు. అక్క బుగ్గలు లోపలికి పోతున్నాయి.

"చెప్పక్కా, ఏం తక్కువైంది?"

ఆవిడ వంటగది వైపు చూసింది. ఒక్కో మాటా కూడదీసుకుంది. "నాది... అది. నువ్వు... తిరుగుతున్నావ్."

అంతే. కళ్లు నిండాయి.

రంగులాయన గ్లాసు పక్కన పెట్టేశాడు. ఒకసారి ఒక ఇంటి యజమాని, సగం వేసిన గోడను ఆయన కళ్లముందే ఇంకొకరికి అప్పగించాడు. కూలి మొత్తం ముట్టినా, ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు. అక్క ఎదురుగా ఉండగానే తను చేస్తున్నదీ అలాంటిదేనని అప్పుడు తట్టింది.

మరుసటి ఉదయం మిక్సీని మోసుకొచ్చి అక్క మంచం పక్కన బల్లమీద పెట్టాడు. వైరు అందకపోతే పనికి వాడే పొడవాటి వైరు తెచ్చి కలిపాడు. పళ్లు, పెరుగు, చెంచా అన్నీ ఆవిడ ముందు సర్దాడు.

"నేను చెయ్యను. నువ్వే చెయ్యి."

అక్క ఎగాదిగా చూసింది. "ఏ... చెయ్యి?"

ఇద్దరూ నవ్వేశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు.

"ఎడమది ఉందిగా" అన్నాడాయన.

అరటిపండు ఆయన పట్టుకున్నాడు, తొక్క ఆవిడ ఒలిచింది. మూతమీద ఎడమ అరచెయ్యి ఆనించి నొక్కింది. మిక్సీ తిరుగుతుంటే భుజం దాకా అదిరింది గానీ చెయ్యి తియ్యలేదు.

"ఉప్పు" అంది.

"పళ్లల్లో ఉప్పేంటక్కా?"

హాస్టల్లో కొత్తగా చేరిన వంటవాళ్లను చూసే చూపొకటి చూసింది. ఆయన మారుమాటాడకుండా చిటికెడు తెచ్చాడు. చిక్కదనం మాత్రం ఆవిడ తమ్ముడికే వదిలేసింది. ఆయన చెంచా వంచి, "ఇంకా పల్చన. గోడైతే కారిపోతుంది" అన్నాడు. ఇంకో సగం పండు పడింది.

ఆ గ్లాసు ఖాళీ కావడానికి నలభై నిమిషాలు పట్టింది. చివరి చెంచా దాకా ఆవిడ పెదవులు బిగించలేదు.

నాలుగు నెలలకు డాక్టరమ్మ నీళ్లు తాగి చూడమంది. అక్క గుక్కెడు తాగింది. దగ్గు రాలేదు. తమ్ముడు ఊపిరి బిగబట్టి చూస్తుంటే, "దీనికి రుచేం లేదురా" అంది.

కుడిచెయ్యి పూర్తిగా తిరిగి రాలేదు. మాట వచ్చింది గానీ నెమ్మదిగా. ఇప్పుడు డాక్టరమ్మ అడిగిందని ప్రతి గురువారం ఇద్దరూ ఆసుపత్రికి వెళ్తారు. రోగుల ఇంటివాళ్లకు చిక్కదనం ఆయన చూపిస్తాడు, రుచి ఆవిడ చెబుతుంది. మొన్న ఒకాయన కాగితం, కలం తీసుకుని, "మా ఆవిడకు ఏ పళ్లు మంచివండీ?" అని అడిగాడు.

చక్రాల కుర్చీలో తల వంచుకుని కూర్చున్న ఆ ఇల్లాలిని అక్క కాసేపు చూసింది.

"నన్నడుగుతావేం నాయనా? ఆమెనడుగు" అంది.