పొరుగింటి విత్తనాల మూట

పన్నెండేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. కట్టెల మోపైతే ఏదో ఒక రాతి మీద దించుకోవచ్చు. దీన్ని ఎక్కడ దించను? అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను.

మాది హుకుంపేట వైపు కొండల్లో చిన్న ఊరు. రాగులు కోశాక సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయలు ఏరడానికో, సిమెంటు మోయడానికో జనం మైదానానికి దిగిపోతారు. పోయేముందు తమ ఇంటి విత్తనాలు మూటకట్టి పొరుగింట్లో ఇస్తారు. చైత్ర పండగనాడు ఊరందరి విత్తనాలతో ఆ మూట కూడా దేవత ముందు కలిస్తే, ఆ ఇల్లు ఊళ్లో ఉన్నట్టే.

మా పొరుగున సింగన్న, రత్నాలు ఉండేవారు. సింగన్న నాకు మరిది వరస. కూలికి మనుషుల్ని పోగుచేసి తీసుకెళ్లేవాడు. ఆ ఏడు మా పంట పోయింది. మా ఆయన్నీ తీసుకెళ్లమని సంతలో పదిమంది ముందు అడిగాను.

“అన్ననేటి? సిమెంటు బస్తా ఎత్తితే బస్తాని దించాలో అన్నని దించాలో తెలీదు వదినా!” అన్నాడు.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నన్ను ఎక్కువ కాల్చింది అదే.

సింగన్న వాళ్లు పనికి వెళ్లాక సర్వే చేసే అతను వచ్చాడు. ఊళ్లో ఎవరున్నారు, ఎవరు వలసపోయారు, పోయినవాళ్లు ఇంటికి ఏమైనా పంపుతున్నారా అని రాసుకుంటున్నాడు. పదో తరగతి చదివినదాన్నని నన్నే ఇళ్లు చూపించమన్నాడు. సింగన్న గుమ్మం ముందు ఆగాడు.

“వీళ్లు మళ్లీ వస్తారామ్మా?”

“రారు. పట్నంలోనే ఉండిపోనారు.”

“డబ్బులు పంపుతారా?”

“ఎవులికి పంపుతారు బాబూ? ఆలకిక్కడ ఎవులున్నారు?”

వాళ్ల పేర్ల మీద గీత కొట్టేశాడు. అప్పుడు రత్నాలు ఇచ్చిన విత్తనాల మూట మా అటక మీదే ఉంది.

నెల తిరక్కుండానే పండగ వచ్చింది. ఆ మూటను నా చేతులతోనే దేవత ముందు పెట్టాను. ఎందుకు పెట్టాను? భయమా? దేవత దగ్గర వాళ్లు ఊళ్లో ఉన్నారన్నదీ నేనే, కాగితం మీద లేరన్నదీ నేనే అయితే, ఆ రెంటిలో నేనెవరిని?

వానలకు ముందు తిరిగొచ్చారు. “నా ఇత్తనాలు బద్రంగా దాసినావు అక్కా,” అని రత్నాలు నా చేయి పట్టుకుంది.

వాళ్ల రేషన్ బియ్యం ఆగిపోయాయి. ఊరు విడిచిపోయినట్టు రాసుందన్నారట. ఇక్కడే ఉన్నామని చెప్పుకుంటూ రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒక్కసారి నేనూ కొండ దిగి అబద్ధం చెప్పానని అంటే సరిపోయేది. అనలేదు. ఆఖరికి నిజంగానే వెళ్లిపోయారు. ఆసారి మూట ఇవ్వలేదు.

పొరుగామె నోటిమాట విని, ఇంకొకరిని అడగకుండా కాగితం మీద ఒక ఇంటిని కొట్టేసినవాడిదీ తప్పే. సంతలో ఆ నవ్వును నేను మరవలేదు, మరవను. కానీ ఆ మాట నాది.

ప్రతి చైత్రంలోనూ ఊరి విత్తనాల్లో ఒక ఇంటివి తగ్గుతున్నాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను. “రారు” అన్నది నేనే.