దొరగారి ఎర్ర సీసాకు నేను చేసిన వైద్యం

ఈ కథ చెప్పుకొని గిద్దలూరంతా ముప్పై ఏళ్ళు నవ్వింది. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. వంటమనిషి మస్తాన్ మామను అడిగారు, తోటమాలిని అడిగారు, ఆ రోజు ఊళ్ళోనే లేని నీళ్ళబండివాణ్ణి కూడా అడిగారు. కొంప మునిగింది నాది. అందుకే ఈ అరుగెక్కి కూర్చున్నాను, ఎలా మునిగిందో ఇప్పుడైనా వినండి.

అప్పుడు నేను దొరలు వచ్చి దిగే ముసాఫిరు బంగళాలో తాత్కాలిక బట్లరును. మకాం వేసిన అడవిశాఖ దొర ఒక్క ముక్క రాస్తే కొలువు ఖాయం. అదే కొలువు మీద మస్తాన్ మామ తమ్ముడి కొడుకు కూడా కన్నేశాడు. అందుకే మామ మంచినీళ్ళిచ్చినా నేను రెండుసార్లు వాసన చూసి తాగేవాణ్ణి.

సాయంత్రం దొర మద్రాసులో కొని తెచ్చుకున్న, గడ్డిలో చుట్టిన సీసా తీసి, బిరడా లాగి, మూత పెట్టకుండానే బల్లమీద పెట్టాడు.

"బట్లేర్, ఇది ఫ్రాన్సు దేశపు ఎర్ర ద్రాక్షారసం. బోర్డో దగ్గర, నది పక్కన, గులకరాళ్ళ నేలలో పండిన ద్రాక్ష. పన్నెండు సంవత్సరాల పాతది."

"పన్నెండేళ్ళా దొరా!"

"అవును. గాలి తగలాలి. పొటేలు మాంసంతో దీనికి రుచి. చేపతో వద్దు. ముట్టుకోవద్దు."

అని స్నానానికి వెళ్ళాడు.

గులకరాళ్ళ నేల మాకు లేదా? కొనకనమిట్ల వైపు పోతే కావలసినన్ని రాళ్ళు. అక్కడ జొన్నే సరిగా పండదు, ద్రాక్ష పండుతుందా? పాత సరుకు అంటగట్టిన మద్రాసు దుకాణదారు మీద నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

పైగా ద్రాక్షారసం నాకు కొత్తా? మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్లకు పాస్టరమ్మ ఎండుద్రాక్ష నానబెట్టి, బెల్లం వేసి కాస్తుంది. తేనెలా ఉంటుంది. ఇదేమిటో చూద్దామని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాను. తంగేడు చెక్క నమిలినట్టు వగరు! నాలుక చెప్పుతోలులా బిగిసిపోయింది. సీసా వెలుతురుకు ఎత్తితే అడుగున మడ్డి!

"మామా, దొరను ఎవరో మోసం చేసినారు. ఇది చెడిపోయింది."

"దొర సొమ్ము దొరకు తెలుసులే ఏసోబూ. నువ్వు పోయి పళ్ళేలు తుడువు పో."

"తాగి వాంతులు చేసుకుంటే?"

"చేసుకుంటే ఆయనే చేసుకుంటాడు. నీకేంది?"

చూశారా! దొర జబ్బుపడితే నింద నాకు, కొలువు వాళ్ళ వాడికి. ఆ ఎత్తు నాకు తెలియదనుకున్నాడు.

సీసా గిన్నెలో ఒంపి, గుడ్డలో వడగట్టి, అచ్చు బెల్లం కొట్టి వేసి, నాలుగు లవంగాలు తగిలించి, మూడు పొంగులు వచ్చేదాకా కాచాను. పక్క పొయ్యి మీద కూర కలుపుతున్న మామ వద్దని ఒక్క మాట అనలేదు. గమనించండి.

దొర భోజనానికి కూర్చొని ఒక గుక్క తాగాడు. ఆయన ముఖం గ్లాసు రంగుకు తిరిగింది.

"ఇది ఏమిటి?"

"చెడిపోయినాది దొరా, నేనే బాగుచేసినా. మడ్డి పోయింది, వగరు పోయింది. ఇంక మీకేం భయం లేదు."

దొర గ్లాసు ముక్కు దగ్గరికి ఎత్తి లవంగాల వాసన చూశాడు.

"మా ఊళ్ళో క్రిస్మస్‌కు, బయట మంచు పడుతున్నప్పుడు, మా అమ్మ ఇలాగే కాచి ఇచ్చేది."

"మంచిదే కదా దొరా!"

"ఆమె చవక రకం కాచేది. బట్లేర్, ఇది గిద్దలూరు. ఇది మే నెల."

అయినా తాగాడు. చెమట కారి చొక్కా ఒంటికి అతుక్కుపోయినా, పంకా లాగేవాడి చేతులు పడిపోయినా, పొటేలు కూర రెండుసార్లు వడ్డించుకొని మరీ సీసాడూ తాగాడు. పొద్దున్నే కాగితం రాసి వెళ్ళిపోయాడు. కొలువు మామ తమ్ముడి కొడుక్కి!

కాచిన పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ దొర సీసానూ మళ్ళీ పొయ్యి ఎక్కించను. కానీ నాకొకటి తేలాలి. నేను పాడుచేసి ఉంటే ఆయన చుక్క మిగల్చకుండా ఎందుకు తాగాడు? బాగుచేసి ఉంటే నా కొలువు ఏది? మస్తాన్ మామ ఇంకా బతికే ఉన్నాడు. అడిగితే చెవుడంటాడు, పక్కింట్లో మాంసం ఉడికితే మాత్రం వినబడుతుంది. ఎవరో ఒకరు జవాబు చెప్పండి. చెప్పేదాకా నేను ఈ అరుగు దిగను.